ఊఁ కొట్టని చోటు

నా ఆటోలో జనం మర్చిపోయి దిగిన సామాన్లన్నీ ఒకచోట పేరిస్తే చిన్న అంగడి తెరుచుకోవచ్చు. టిఫిన్ క్యారియర్లు, కండ్లద్దాలు, ఒకసారి కట్టుడు పండ్లు. గొడుగులు గూడా దొరికినాయి. మా అనంతపురం సీమలో గొడుగు మర్చిపోవడం వింత కాదు, దాన్ని తెచ్చుకోవడమే వింత. ఒంటి చెప్పు వదిలేసి దిగిన మనిషి ఇంటిదాకా ఎట్ల నడిచినాడో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. ఇన్నేండ్లలో పుస్తకం మర్చిపోయింది మాత్రం ఒకే ఒక మనిషి. కళ్యాణదుర్గం నుంచి మా పక్క బడికి రోజూ నా ఆటోలోనే వచ్చే టీచరమ్మ. ఎండాకాలం సెలవులిచ్చిన రోజు సంచులన్నీ లెక్కగా దించుకొని, ఈ పుస్తకాన్ని వెనక సీట్లో వదిలేసి పోయింది.

ఫోన్ చేసి చెప్పినాను.

"ఉండనీలే అన్నా, బడి తెరిచినాక ఇద్దువు. కావాలంటే చదువుకో," అని నవ్వింది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. చదవనని తెలిసి చదువుకోమనే నవ్వు అది. మొండితనంలో మా ఇంట్లో ఎనుము తర్వాత నేనే. ఆ పొద్దే మొదలుపెట్టినాను.

నేను నాలుగో తరగతిలోనే బడికి సెలవిచ్చినవాణ్ణి. అయినా అక్షరాలు నన్ను వదల్లేదు. లారీల వెనక రాతలు, గోడ మీద సినిమా పోస్టర్లు, అన్నిటికంటే మించి బజ్జీల పొట్లాలు. టీ అంగట్లో మిరపకాయ బజ్జీలు చుట్టిచ్చిన కాయితాన్ని నూనె పూర్తిగా పాకక ముందే చదివేయడం నాకు అలవాటు. అట్ల చదివిన కథలు లెక్క లేదు గానీ ఒక్కదానికీ తలా తోకా ఉండేది కాదు. ఒక కథలో పెండ్లికూతురు పీటల మీద నుంచి లేచి "ఆగండి!" అంటుంది. ఆడికి కాయితం అయిపోయింది. ఇరవై ఏండ్లయింది. ఆ పిల్ల నా మనసులో ఇంకా నిలబడే ఉండాది, పాపం కాళ్ళు ఎంత గుంజుతాన్నాయో. కాబట్టి మొదలూ కడా రెండూ ఉండే కథ చేతికి రావడం నా బతుకులో అదే మొదటిసారి.

కథ చెప్పేది ఏడేండ్ల పాప. సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళు. పనుందని నమ్మించి ఒక మేస్త్రీ కొన్ని కుటుంబాలను ఆడికి తోలుకపోతాడు. అందులో ఈ పాప, వాళ్ళమ్మ. చుట్టూ కంచె, ఒక గేటు, ఒక కావలివాడు, ఒక కుక్క. లోపలికి పోయినవాళ్ళు బయటికి రావడానికి లేదు. ఇదంతా మనకు తెలుస్తుంది గానీ పాపకు తెలీదు. కావలివాడు పొద్దున ఈల వేస్తేనే సూర్యుడు లేస్తాడని ఆ పాప లెక్క. కుక్కకు ఆ పాప పెట్టుకొన్న పేరు నలుగురు మనుషులకు పంచినా మిగిలేంత పొడుగు. అంత హుషారుగా చెప్పుకపోతాది, జైలు గురించి చెప్పినట్లు కాదు, ఏదో తిరణాలకు పోయొచ్చినట్లు.

నాకు ఒక్కణ్ణే చదువుకోవడం చేతకాదు. బజ్జీల కాయితమైనా పక్కనుండే వానికి వినిపించాల్సిందే. అదృష్టానికి అప్పుడే మా ఇంట్లో చెనిక్కాయలు, అదే వేరుశెనగలు, ఒలిచే రోజులు మొదలైనాయి.

తెలీనివాళ్ళకు రెండు మాటలు. వాన పడే లోపల విత్తనం సిద్ధంగా ఉండాల. మిషన్లో వేస్తే గింజ బద్దలవుతుంది, పైపొర చిట్లుతుంది, అది మొలవదు. అందుకే విత్తనానికి చేత్తోనే ఒలుస్తాం. కాయల మీద నీళ్ళు చిలకరించి మెత్తబడినాక, బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకొని, ఒక్కొక్క కాయా పగలగొట్టాల. ఈ పొద్దు మా వసారాలో నలుగురు కూర్చుంటే రేపు వాళ్ళ వసారాలో మేము కూర్చుంటాం. మా వసారాకు వచ్చేది మా అమ్మ, నా పెండ్లాం, ఎదురింటి వదిన, మూడిండ్ల అవతల ఉండే అవ్వ. అవ్వకు ఎంత వయసో అవ్వకే తెలీదు, అడిగితే మా తాతను ఎత్తుకొని తిప్పినానంటుంది.

పొద్దున ఆటో తోలుకొని, ఎండ ముదిరినాక ఇంటికొచ్చి, వసారాలో గోడకానుకొని చదవడం మొదలుపెట్టినాను. మొదటి రోజు సముద్రం దగ్గరే పంచాయితీ వచ్చింది.

"అంత నీళ్ళు పెట్టుకొని ఉప్పు చేస్తారా?" అనె అవ్వ. "ఆ నీళ్ళు ఇట్ల ఒగ రెండు తడులు పంపించకూడదా?"

"ఉప్పునీళ్ళవ్వా. చేన్లో పెడితే పైరు ఎండిపోతాది."

"ఇప్పుడేం పచ్చగుండాదిరా?"

నేను పేజీ తిప్పినాను. ఆ ప్రశ్నకు జవాబు రచయిత దగ్గర గూడా ఉండదు.

రెండో రోజుకు కథ బిగిసింది. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. నా చదువుకు ఇంత గౌరవమా అని గొంతు ఇంకొంచెం పెంచినాను. మూడో రోజు సాయంత్రం నా పెండ్లాం ఒలిచిన గింజల గంప ఎత్తి చూసి, పొట్టు గంప ఎత్తి చూసి, నన్ను ఎగాదిగా చూసింది.

"పొట్టేమో గంపల లెక్కన ఉండాది. గింజలు యాడ పోయినాయప్పా?"

విషయం ఏమంటే, మామూలుగా ఒలిచేటప్పుడు ఆడోళ్ళు నోరు మూయరు. మాట్లాడే నోట్లో గింజ పడదు. ఒలిచేటోళ్ళు మాట్లాడతాంటే విత్తనం భద్రం, ఊరకుంటే అనుమానం అని మా పక్క పెద్దోళ్ళు చెప్పేది అందుకే. ఇప్పుడు నేను కథ చదువుతాన్నానని అందరూ మాట బంద్ చేసి, ఊరక ఉండలేక నోరు ఆడించినారు. పచ్చి గింజలు, అదీ మెత్తబడినవి, ఇంగ చెప్పాల్నా. కావలివాడు వచ్చినప్పుడు ఒక పిడికెడు, కుక్క మొరిగినప్పుడు ఒక పిడికెడు. పాపను చూసి జాలిపడినప్పుడు రెండు పిడికెళ్ళు.

"నీ కతకు నా ఇత్తనాలు మేసినారు కదప్పా! చేన్లో ఏం ఇత్తాల, నీ పుస్తకమా?"

"నేను తినలేదమ్మీ," అనె వదిన. ఆమె పెదిమెకు ఎర్ర పొర అతుక్కోని ఉండాది.

"నాకు పండ్లే లేవు," అనె అవ్వ.

"నీకు పండ్లు లేకుంటే చప్పరిస్తావవ్వా, నాకు తెలీదా!"

ఆ పొద్దు మా ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. చేసింది నా పెండ్లాం. నేను ఒక్కొక్క మాట చదివి ఆపాల, నలుగురూ గట్టిగా "ఊఁ" కొట్టాల. నోరు నిండా గింజలు పెట్టుకొని ఎవరూ ఊఁ కొట్టలేరు, కొడితే పొలమారుతాది. ఎవరి ఊఁ తక్కువైతే వాళ్ళు నోరు తెరిచి చూపించాల. చిన్నప్పుడు కథ చెప్పేవాళ్ళు మనల్ని ఊఁ కొట్టమనేది నిద్రపోకుండా ఉండడానికి. మా ఇంట్లో అది విత్తనానికి కాపలా అయింది.

నాకు ఈ ఏర్పాటు శానా నచ్చింది. నాలుగు ఊఁలూ నాలుగు రకాలు. వదినది ముందుకు నెట్టే ఊఁ, ఇంకా చదవవేం అన్నట్లు. నా పెండ్లాంది అనుమానం ఊఁ, ఆమె ఊఁ కొడతానే అందరి దవడలూ చూస్తాంటుంది. అవ్వది ఒక మాట ఆలస్యంగా వచ్చే ఊఁ. మా అమ్మది మాత్రం బావిలో బొక్కెన నీళ్ళకు తగిలినట్లు ఉంటుంది, లోతు నుంచి, మెల్లగా, తప్పకుండా. రెండు రోజుల్లో నేను పుస్తకం మీది నుంచి తల ఎత్తకుండానే ఎవరు ఊఁ కొట్టినారో చెప్పగలిగేవాణ్ణి.

అందుకే, ఒకటి రాకపోతే వెంటనే తెలిసిపోయింది.

ఆ పాప వాళ్ళు ఉప్పుమళ్ళకు మొదట వచ్చిన రోజును గుర్తు చేసుకొంటుంది. "అమ్మ నా చెయ్యి పట్టుకుని గేటు దాటించింది. నేను వెనక్కి తిరిగి చూశాను. అమ్మ చూడలేదు."

ఊఁ, ఊఁ, కొంచెం ఆగి ఇంకొక ఊఁ. మూడే.

"అత్తా!" అని కేకేసింది నా పెండ్లాం. "దొరికినావు! నోరు తెరువు!"

వదిన చప్పట్లు కొట్టె. "పెద్దమ్మే దొంగంట సూడండప్పా! రోజూ మమ్మల్ని అనుమానిస్తిరి!"

మా అమ్మ నోరు తెరిచి చూపించింది. ఉన్న నాలుగు పండ్లు తప్ప నోట్లో ఏమీ లేదు. అందరూ నవ్వినారు. "మరి ఊఁ యాడ పోయిందత్తా?" అంటే, "గుటక పడిందిలే, చదువురా," అనె అమ్మ. నేను నవ్వలేదు. నేను నవ్వకుండా ఉండడం మా ఊర్లో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు కాబట్టి, ఆ పొద్దు గూడా ఎవరూ చూడలేదు.

ఇప్పుడు నా సొంత కథ ఒకటి చెప్పాల. మా ఊర్లో దీన్ని విననివాళ్ళు లేరు. పెండ్లిలో భోజనాలు ఆలస్యమైతే, కరెంటు పోతే, పంచాయితీ తెగకపోతే, "నీ జీతం కత చెప్పప్పా" అంటారు. మా పక్క జీతం ఉండడమంటే ఆఫీసులో కాదు. ఏడాది పొడుగునా ఒక రైతు ఇంట్లో ఉండి, తిని, చెప్పిన పని చెయ్యడం. నాకు పదేండ్లప్పుడు వాన లేదు. మాకు వాన లేని ఏడంటే ఏ ఏడు అని అడుగుతారు, పోనీ, మరీ లేని ఏడు. నాయన బెంగళూరుకు కట్టడం పనికి పోయినాడు. ఇంట్లో జొన్నల కుండ అడుగు కనపడింది. అమ్మ నన్ను బస్సెక్కించుకొని, కర్ణాటక అంచున ఒక పెద్దరైతు ఇంట్లో ఎనుములు మేపడానికి పెట్టి వచ్చింది. అట్ల నా నాలుగో తరగతి ముగిసింది. పరీక్ష రాయకుండానే తప్పించుకొన్న ఒకే ఒక పిల్లోణ్ణి అని చెప్పుకొంటాను.

ఆ కథలో జనానికి రెండు చోట్లు శానా ఇష్టం. ఒకటి, నేను పారిపోయిన రోజు. పొద్దున్నే రోడ్డు దాకా పోయినా, వెనక్కి చూస్తే రైతు మేకపిల్ల నా వెంటే వస్తాండాది. తరిమితే పోదు. అది అరిచిన అరుపుకు నన్ను పట్టుకొన్నారు, పారిపోయినందుకు కాదు, మేకను దొంగిలించినందుకు. రెండోది గొళ్ళెం. పొద్దు వాలగానే నన్నూ ఎనుముల్నీ కొట్టంలో పెట్టి బయట గొళ్ళెం వేసేవాళ్ళు, నక్కలొస్తాయని. "మంత్రులకు తుపాకీ పోలీసులు, నాకు ఇనప గొళ్ళెం. ఆ ఊర్లో అంత బందోబస్తు ఎవరికీ లేదు," అని నేను మీసం తిప్పితే జనం పడీపడీ నవ్వుతారు. నలభై ఏండ్లుగా నవ్వుతాండారు.

మరుసటి మధ్యాహ్నం చదువుతాంటే ఈ ముక్క వచ్చింది. "పొద్దు పోయాక గేటుకు పెద్ద తాళం వేస్తారు. సముద్రం లోపలికి రాకుండా."

వదిన పగలబడి నవ్వె. "పాపం పిచ్చి ముండ! తాళమేస్తే సముద్రం రాదంట!"

"దానికేం తెలుసు పసిబిడ్డకు," అనె అవ్వ. "అది వాళ్ళ కోసం వేసిన తాళమని దానికి యాడ తెలుసు."

నేను గూడా నవ్వబోయినాను. సగంలో ఆగిపోయినాను. నక్క గొళ్ళెం తీయలేదు గదా. లోపల గొళ్ళెం పెట్టుకొన్నా నక్క రాదు. బయట గొళ్ళెం ఎవరి కోసం? నలభై ఏండ్లు ఈ కథ చెప్పినాను. ఎన్ని పెండ్లిండ్లలో, ఎంతమంది ముందర. ఈ ప్రశ్న నాకు ఒక్క పొద్దు తట్టలేదు. ఆ ఏడేండ్ల పాప పుస్తకంలో ఎట్ల హుషారుగా చెప్పుకపోతాందో, నేను గూడా అట్లే చెప్పుకపోతాన్నాను, మీసం ఒకటి ఎక్కువ.

పుస్తకంలో పాపకు తెలీదు, వినేవాళ్ళకు తెలుస్తాంది. మరి నా కథ వినేవాళ్ళలో ఎవరికి తెలిసింటుంది?

మా అమ్మకు. నేను గొళ్ళెం కథ చెప్పిన ప్రతి పెండ్లిలో ఆమె ఆడే ఒక మూల కూర్చోని ఉంటుంది. అందరూ నవ్వుతారు, ఆమె నవ్వదు. మా అమ్మకు తమాషా అర్థం కాదులే అని నేను ఇన్నేండ్లు అనుకొంటాంటి.

ఆ సాయంత్రం ఆటోకు నీళ్ళు కొట్టి కడుగుతాంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"ఒరే, ఆ పాప కడాకు వాళ్ళమ్మను ఏమన్నా అంటుందా?"

"యాల మా, ఎందుకడుగుతాండావు?"

"ఊరికే. ఆ తల్లే గదా చెయ్యి పట్టి లోపలికి తీసకపోయింది. తెలిసినాక అడగదా?"

"నేనింగా ఆడిదాకా చదవలేదు."

"ముందే చూసి చెప్పు. అంటుందంటే ఆ పొద్దు నేను ఒలిచేదానికి రాను."

"యాల రావు?"

"ఆ పొద్దు నాకు మోకాళ్ళు నొస్తాయి," అని లోపలికి పోయె.

నా బతుకులో ఎంతోమందిని నవ్వించినాను. ఒక మాట సూటిగా చెప్పడం మాత్రం నాకు రాదు. ఆ పొద్దే నీళ్ళ గొట్టం కింద పడేసి, "మా, నాకేం కోపం లేదు మా," అని ఉంటే ఈ కథ ఈడికే అయిపోయేది. బదులుగా నేనేం చేసినానంటే, ఆటో చక్రాన్ని ఇంకోసారి కడిగినాను. తోమి తోమి కడిగినాను. ఆ చక్రం షోరూంలో గూడా అంత తెల్లగా ఉండలేదు.

మరుసటి రోజు కళ్యాణదుర్గం స్టాండులో ఆటో పెట్టుకొని మిగతా పుస్తకమంతా ఒక్కణ్ణే చదివినాను. వెనక ఆరుమంది ఎక్కి కూర్చున్నారు, నేను కదల్లేదు.

"ఏమప్పా, పోతావా? లేకుంటే పరీక్ష రాసినాక పోతావా?" అనె ఒకాయన.

"రెండు పేజీలన్నా. గాలివాన వస్తాండాది."

ఆయన బయటికి వంగి ఆకాశం చూసినాడు. మేఘం ఒక్కటి లేదు. ఎందుకైనా మంచిదని దిగి వేరే ఆటో ఎక్కినాడు.

పుస్తకంలో పెద్ద గాలివాన వస్తుంది. కావలివాడూ మేస్త్రీ పారిపోతారు, గేటు విరిగి పడుతుంది, జనం నడుచుకొంటా బయటపడతారు. అందరూ సంతోషంతో ఏడుస్తాంటే పాప ఒక్కతే గేటు మూయండి, సముద్రం వస్తాది అని ఏడుస్తుంది. ఆ ముక్క దగ్గర నా కండ్లల్లో ఏదో పడింది, స్టాండులో దుమ్ము ఎక్కువ. కడాన బస్సులో తల్లి ఒడిలో పడుకొని, కిటికీలోంచి కరెంటు స్తంభాలు లెక్కపెడతా నిద్రపోతుంది. అంతే. అయిపోయింది. కోపం లేదు, అడగడం లేదు, క్షమించడం లేదు. ఎంత బాగా రాసినారో అని టీచరమ్మలాంటివాళ్ళు అనుకొంటారేమో, బాగానే రాసినారు. కానీ రాసినవాళ్ళు ఎవరో గానీ మా అమ్మ మోకాళ్ళ గురించి ఒక్క రవ్వ ఆలోచించలేదు.

ఇంటికొస్తే వాకిట్లోనే అమ్మ.

"చదివితివా?"

"చదివినా."

"అంటుందా?"

అనదు అని చెప్పచ్చు. అది నిజమే. కానీ ఊరకుండేది ఒకటి, కోపం లేకపోవడం ఒకటి అని ఆమెకు నాకంటే బాగా తెలుసు. నేను గూడా నలభై ఏండ్లుగా ఏమీ అనలేదు గదా.

"వచ్చి విను మా," అన్నాను. "మోకాళ్ళు రేపు నొప్పించుకొందువు."

ఆ పొద్దు పడమట మబ్బు పట్టింది. గంపలో కాయలు అడుగుకు వచ్చినాయి, ఆ పొద్దుతో ఒలిచేది అయిపోతుంది. అమ్మ వచ్చింది గానీ ఎప్పుడూ కూర్చొనే చోట కూర్చోలేదు. గడప పక్కన, ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టుకొని కూర్చొనింది. లేచి పోవాలంటే ఒక్క క్షణం పట్టదు.

చదివినాను. గాలివానకు అవ్వ "వస్తే అట్లొస్తాది, లేకుంటే రానే రాదు, మా దిక్కుకు రాకూడదా," అని తిట్టె. గేటు దగ్గర వదిన ముక్కు చీదె. కుక్కను గూడా తోలుకపోయినారా అని నా పెండ్లాం అడిగె, తోలుకపోయినారన్నాను, నిజంగానే తోలుకపోయినారు. ఊఁ, ఊఁ, ఊఁ, ఊఁ, నాలుగూ వస్తాండాయి. బస్సెక్కినారు. స్తంభాలు వచ్చినాయి. నాలుగో ఊఁ సన్నబడింది. అమ్మ చేతిలో కాయ ఉండాది, పగలగొట్టడం లేదు.

పేజీలో అక్షరాలు అయిపోయినాయి. కింద తెల్లకాయితం. నేను పుస్తకం మూయలేదు. వేలు పెట్టుకొని, ఆ తెల్లకాయితాన్ని చదవడం మొదలుపెట్టినాను.

"అప్పుడు పాప లేచి కూర్చొని అంది. అమ్మా, నువ్వు మూట కట్టిస్తివే, అందులో రెండు రొట్టెలుండె. ఒకటి తింటి. రెండోది తినలేదు."

ఊఁ, ఊఁ, ఊఁ.

"దాని మీద ఊరిబిండి పూసిస్తివి. రోజూ సాయంత్రం మూట విప్పి వాసన చూసి మళ్ళా కట్టి పెడతాంటి. నాకు కోపం ఉండె. లేదని చెప్తే అబద్ధమైతాది. ఉగాదికి నువ్వు నన్ను చూసేదానికి వస్తివే, ఆ పొద్దు పోయె. మళ్ళా రాలేదు."

వదిన ఒలిచేది ఆపింది.

"ఉండు మరిదీ. తల్లీ బిడ్డా ఒగే చోట ఉండ్రి గదా? మూట యాల కట్టిచ్చె? ఉగాదికి యాడ నుంచి వచ్చె?"

"అదేమో నాకేం తెలుసు వదినా. రాసినాయన మర్చిపోయినట్లుండాడు."

"ఇంత పుస్తకం రాసి ఆ మాత్రం గుర్తులేదా?"

"నువ్వు రాయి వదినా, నీకైతే గుర్తుంటాది. ఊఁ కొట్టు ముందు."

వదిన ఊఁ కొట్టె. నా పెండ్లాం నన్నే చూస్తాండాది. ఆమెకు అర్థమైంది, దవడలు చూడడం మానేసింది. నేను తల ఎత్తలేదు. నాలుగోది కోసం చూస్తాండా. లేని అక్షరాల మీద వేలు పెట్టుకొని ఎంతసేపు కూర్చోగలను?

అమ్మ చేతిలో కాయ టక్కుమని పగిలింది.

"ఊఁ," అనె.

బొక్కెన నీళ్ళకు తగిలినట్లు.

అవ్వ ఆలస్యంగా ఇంకో ఊఁ కొట్టి, "అయిపోయిందా? బాగుండాది. ఆ పాప బంగారుతల్లి," అని కొంగు దులుపుకొని లేచె. గంపలో కాయలు గూడా అయిపోయినాయి. నా పెండ్లాం గింజల గంపా పొట్టు గంపా పక్కపక్కన పెట్టి చూసి, లెక్క సరిపోయిందన్నట్లు తల ఊపింది. వదిన మాత్రం వాకిలి దాటేదాకా ఆ ఉగాది గురించి గొణుగుతానే ఉండె.

అందరూ పోయినాక అమ్మ వేలికి చుట్టుకొన్న పేలిక విప్పుతా నన్ను పిలిచింది.

"ఒరే. ఆ సముద్రం ఒడ్డు పాపకు ఊరిబిండి యాడిదిరా?"

నేను గోడ చూసినాను, దూలం చూసినాను. పచ్చి చెనిక్కాయలూ పచ్చిమిరపకాయలూ చింతపండూ వేసి రోట్లో నూరే ఆ బిండి ఈ సీమ దాటితే ఎవరికీ తెలీదు. అంత తెలివిగా కట్టిన కథలో ఊరిబిండి పెట్టి దొరికిపోయేది మా ఊరోడు ఒక్కడే.

"ఆడ గూడా చెనిక్కాయలు పండుతాయేమో మా."

"ఉప్పులోనా?"

"ఉప్పు వేసేపని ఉండదు గదా, ఇంగా మంచిది."

ఆమె పేలిక మడిచి గూట్లో పెట్టింది. మళ్ళా ఇటు తిరిగి, "ఆ రెండో రొట్టె బూజు పట్టింటుంది గదా," అనె.

"పట్టింది."

"ఏం చేస్తివి?"

"ఎనుముకు పెడితి."

"తినెనా?"

"తినె. దానికి ఊరిబిండి ఘాటు తగిలి ఆ పొద్దు పాలు గూడా ఇయ్యలేదు. రైతు నన్ను తిట్టె, నీ చేతి కారం అని నేను చెప్పలేదు."

మా అమ్మ నవ్వింది. నా తమాషాకు ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు. నోట్లో నాలుగు పండ్లూ కనపడినాయి.

నాలుగు రోజులకు వాన పడింది. గొప్పగా కాదు, మా వాన మా మాదిరే ఉంటుంది, విత్తుకొనేంత. బడి తెరిచినారు. పుస్తకం టీచరమ్మ చేతికిచ్చినాను. పేజీల మధ్యలో ఎర్ర పొరలు, పొట్టు, అవ్వ తమలపాకు మరక ఒకటి. ఆమె దులిపి, "నిజంగా చదివినావా అన్నా?" అని అడిగింది. "చదివినా మేడం. కడాన ఒగ పేజీ మా అమ్మ దగ్గరుండిపోయింది," అన్నాను. ఆమె గాబరాగా వెనక పేజీలు తిప్పి చూసుకొనింది. అన్నీ సరిగ్గా ఉండేసరికి నా వైపు ఒక చూపు చూసి, "ఇంకొకటి తెస్తాలే," అని నవ్వింది. ఈసారి ఆ నవ్వు బాగుండె.

శ్రావణంలో వదిన వాళ్ళింట్లో పెండ్లి. వంట ఆలస్యమైంది. ఆకులేసి కూర్చున్నవాళ్ళు ఊరకుంటారా, "ఓ ఆటో మీసమాయనా, నీ జీతం కత ఎత్తుకో, ఆ గొళ్ళెం కత," అని కేకలు. నేను లేచినాను. లేచి మూలకు చూసినాను. అమ్మ ఎప్పటి మాదిరే గోడ పక్కన కూర్చోని ఉండాది.

మేకపిల్ల దగ్గర మొదలుపెట్టాల్నా, గొళ్ళెం దగ్గరా, అసలు చెప్పాల్నా వద్దా అని నిలబడిపోయినాను. జనం ఆకుల మీద చేతులతో తాళం వేస్తాండారు.

"చెప్పురా," అనె మా అమ్మ, అందరికీ వినపడేటట్లు. "ఈతూరి రొట్టె గూడా చెప్పు."